జ్వరం దిగిన నాడే జాగ్రత్త

వానలు కురిసి, చెరువులు నిండి, చేలు పచ్చబడే కాలం అల్లాహ్ కారుణ్యానికి కంటికి కనిపించే నిదర్శనం. ఆ వాన కోసమే వేసవి చివర మనం చేతులెత్తి దుఆ చేస్తాము. అయితే అదే నీరు మన మేడమీద, పెరట్లో, కూలరు తొట్టిలో వారం పది రోజులు కదలక నిలిచితే జ్వరాలకు మూలమవుతుంది. వానాకాలం ముదిరిందంటే చాలు, బస్తీ దవాఖానాలోనైనా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా జ్వరంతో వచ్చినవారి వరుస పెరుగుతుంది. వారిలో మన పిల్లలు ఉంటారు, మన ఇంటి స్త్రీలు ఉంటారు, మస్జిదులో మన పక్కన నిలబడే పెద్దలు ఉంటారు.

ఈ కాలపు జ్వరాల గురించి చెప్పవలసినవి చాలా ఉన్నా, పాఠకులు ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఈ వ్యాసం ధన్యమైనట్లే. డెంగీలో అసలు గండం ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కాదు, జ్వరం దిగిపోయిన తరువాత మొదలవుతుంది. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. ఒక తల్లి నాకు అప్పగించిన అమానతు చేజారబోయిన రోజున నేర్చుకున్నాను.

నేను చేసిన పొరపాటు

మా మదరసా ఒక పట్టణపు శివారు బస్తీలో ఉంది. నలభై మందికి పైగా పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. కొన్నేళ్ళ క్రితం సెప్టెంబరు నెలలో హిఫ్జ్ చదివే పన్నెండేళ్ళ పిల్లవాడికి జ్వరం వచ్చింది. తలనొప్పి, కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా నొప్పులు. మొదటి రోజు తడిగుడ్డ వేశాము. రెండవ రోజు రాత్రి వాడు నొప్పులకు మూలుగుతుంటే చూడలేక, నా మోకాళ్ళ నొప్పి కోసం తెచ్చుకున్న మాత్రలలో ఒకదాన్ని విరిచి సగం ఇచ్చాను. కాసేపటికి “నొప్పి తగ్గింది ఉస్తాద్” అన్నాడు. మంచి పని చేశానని సంతోషించాను.

నాలుగవ రోజు ఫజర్ వేళ నుదురు తాకి చూస్తే చల్లగా ఉంది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను. పిల్లవాణ్ణి సబక్‌కు కూర్చోబెట్టాను. ఊళ్ళో ఉన్న తల్లికి ఫోను చేసి “మీ అబ్బాయి కోలుకున్నాడమ్మా, దిగులు పడకండి” అని కూడా చెప్పాను.

పిల్లవాడు గంజి తాగి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కడుపు పట్టుకొని గోడకు ఒరిగాడు. నాలుగు రోజులు సరిగా తినలేదు కదా, నీరసం అనుకున్నాను. వంట చేసే చాచా మాత్రం వాడి చేతులు పట్టుకొని చూసి నా దగ్గరకు వచ్చాడు. “హజ్రత్, జ్వరం పోయినోడి చేతులు ఇట్ల మంచులెక్క ఉంటయా? నా మనవరాలికి పోయినేడు గిట్లనే అయింది. ఆలస్యం చెయ్యకుండ్రి” అన్నాడు. చదువు లేని ఆ మనిషికి తెలిసినది ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు తెలియలేదు.

ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. డాక్టరమ్మ నాడి చూసింది, రక్తపోటు చూసింది, పిల్లవాడి గోరు నొక్కి వదిలి రంగు తిరిగి వచ్చే వేగం గమనించింది. తరువాత నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. జ్వరం ఏ రోజు మొదలైంది? ఇంతవరకు ఏయే మాత్రలు వేశారు? చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్ళాడు? మొదటిదానికి జవాబు చెప్పాను. రెండవదానికి తలవంచుకొని చెప్పాను. మూడవది నాకు తెలియదు. పిల్లవాడే నెమ్మదిగా “రాత్రి ఇషా తరువాత” అన్నాడు. అప్పటికి మధ్యాహ్నం కావస్తోంది.

వెంటనే సెలైన్ పెట్టారు. అయిదు రోజులు వార్డులో ఉంచుకొని పంపించారు. అల్లాహ్ దయవలన పిల్లవాడు బాగుపడ్డాడు, తరువాత హిఫ్జ్ కూడా పూర్తి చేశాడు. రాత్రి బస్సులో వచ్చిన ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. “మీరు ఉన్నారన్న ధైర్యంతోనే ఉన్నాను హజ్రత్” అన్నది. తిట్టినా ఇంత బాధ కలిగేది కాదు. ఆ మాట నన్ను ఈ వ్యాసం దాకా తీసుకువచ్చింది.

చల్లబడిన ఒంటిలో జరిగేది

డెంగీ క్రిమి మోసే దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం మొదలవుతుంది. అది 2 నుంచి 7 రోజులు ఉంటుంది. చాలామందిలో ఆ తరువాత తగ్గిపోతుంది. కొద్దిమందిలో మాత్రం, సాధారణంగా మూడవ రోజుకు, ఏడవ రోజుకు నడుమ, జ్వరం దిగుతున్న సమయంలోనే రెండవ దశ మొదలవుతుంది. అది 24 నుంచి 48 గంటలు ఉంటుంది.

ఆ గంటలలో ఏమి జరుగుతుందో డాక్టరమ్మ నాకు ఓపికగా వివరించింది. కొత్త మట్టికుండలో నీరు పోస్తే కుండ పగలకుండానే బయట చెమర్చుతుంది కదా! అదే విధంగా సన్నని రక్తనాళాల గోడల నుంచి రక్తంలోని నీటి భాగం ఊరి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది. రక్తపోటు పడిపోతుంది. కాళ్ళు చేతులు చల్లబడతాయి. థర్మామీటరు మాత్రం “జ్వరం లేదు” అనే చూపిస్తుంది. దానిని నమ్మి మనం దస్తరఖాన్ పరుస్తాము, పిల్లవాణ్ణి బడికి పంపుతాము.

ఒకసారి డెంగీ వచ్చినవారు మరింత మెలకువగా ఉండాలి. డెంగీ క్రిమిలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్ళీ రాదు గాని మిగిలిన మూడింటి నుంచి శాశ్వత రక్షణ ఉండదు. పైగా రెండవసారి వేరే రకం సోకినప్పుడు తీవ్రంగా మారే అవకాశం ఎక్కువ. కాబట్టి “మా ఇంట్లో అందరికీ ఒకసారి వచ్చి పోయింది” అన్నది ధైర్యం చెప్పుకొనే మాట కాదు.

జ్వరం దిగిన తరువాత కింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా ఉదయం దాకా ఆగకూడదు. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేయాలి, లేదా దొరికిన వాహనంలో పడకలున్న ఆసుపత్రికి చేరాలి.

– తగ్గని కడుపునొప్పి
– ఆగకుండా వాంతులు
– ముక్కు నుంచి గాని, చిగుళ్ళ నుంచి గాని రక్తం
– వాంతిలో రక్తం, లేదా నల్లని విరేచనం
– స్త్రీలకు నెలసరిలో మామూలు కంటే అధిక రక్తస్రావం
– చల్లని, చెమట పట్టిన కాళ్ళు చేతులు
– వేగంగా ఊపిరి తీయడం
– విపరీతమైన నీరసం, మత్తు, లేదా కారణం లేని చికాకు
– ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోవడం

గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, మధుమేహం, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు ఈ గుర్తుల కోసం ఎదురుచూడకుండా జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టరును కలవాలి.

ఏ మాత్ర, ఏ పానీయం

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. పెద్దలకు రెండు మోతాదుల మధ్య ఆరు గంటల వ్యవధి ఉండాలి, రోజుకు నాలుగు మోతాదులు మించకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారు డాక్టరును అడిగే వేసుకోవాలి. పిల్లలకు వయస్సును బట్టి కాదు, బరువును బట్టి డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు ఈ కాలపు జ్వరాలలో సొంతంగా వేసుకోరాదు. అవి కడుపులో పుండు పుట్టించి రక్తస్రావాన్ని పెంచగలవు. నేను విరిచి ఇచ్చిన సగం మాత్ర అటువంటిదే. గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు జ్వరం వచ్చిన వెంటనే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆపాలో కొనసాగించాలో నిర్ణయం వారిదే.

సూది వేస్తేనే వైద్యం అన్న భావన మన పల్లెలలో ఇంకా పోలేదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు కండకు వేసే సూది వలన లోపల రక్తం చేరవచ్చు. యాంటీబయాటిక్ మాత్రలు డెంగీ క్రిమిని ఏమీ చేయలేవు. ఇంటికి మనిషిని పిలిపించి సెలైన్ ఎక్కించుకోవడం మరొక ప్రమాదం. నాళాల నుంచి నీరు ఊరే దశలో సెలైన్ తక్కువైనా హానే, ఎక్కువైనా హానే. గంట గంటకు కొలిచి ఇచ్చేవారు దగ్గర ఉండాలి.

వాంతులు లేనప్పుడు నోటితో తాగించేదే మేలైన పానీయం. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. సగం ప్యాకెట్టు, ఒక గ్లాసు నీరు అన్న లెక్క సరికాదు. కలిపినదాన్ని 24 గంటలలో వాడి, మిగిలితే పారబోయాలి. గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కూడా మంచివే. ఎర్రని షర్బత్తులు, బీట్‌రూట్ రసం ఆ నాలుగు రోజులు మానితే మంచిది. వాంతి ఎర్రగా వస్తే అది పానీయమో రక్తమో తెలియక ఇంటివారు, డాక్టరు కూడా తికమకపడతారు.

ప్లేట్‌లెట్ల భయం గురించి ఒక మాట. ఆరోగ్యవంతునికి అవి ఒకటిన్నర లక్ష నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. డెంగీలో తగ్గడం సహజం. లక్షకు దిగగానే బంధువులందరూ దాతల కోసం పరుగులు తీస్తారు. సాధారణంగా 10,000 కంటే దిగువకు పడినప్పుడు, లేదా గట్టి రక్తస్రావం ఉన్నప్పుడు మాత్రమే వాటిని ఎక్కించే ఆలోచన చేస్తారు. డాక్టర్లు ఆ సంఖ్యతో పాటు రక్తం చిక్కదనం, రక్తపోటు, మూత్రం కూడా చూస్తారు. అలాగే బొప్పాయి ఆకు రసం ఇస్తున్నామన్న ధీమాతో ఆసుపత్రిని వాయిదా వేయవద్దు. కారిపోతున్న నీటిని ఆ రసం ఆపదు.

డాక్టరు గది ముందు కూర్చునే ముందు

తెలంగాణలో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ఆరోగ్య కేంద్రాలు, గ్రామ క్లినిక్కులు మన గడప దగ్గరి వైద్యశాలలు. అక్కడ చూడడానికి రుసుము లేదు. రక్త నమూనా తీసుకొని పరీక్షకు పంపే ఏర్పాటు కూడా ఉంది. “ఉచితం కదా, ఏమి చూస్తారులే” అన్న చులకన తగదు. జ్వరం వచ్చిన మొదటి రెండు రోజులలోనే వెళ్ళాలి. డెంగీని గుర్తించే ఎన్.ఎస్.1 పరీక్ష మొదటి అయిదు రోజులలోనే బాగా పనికివస్తుంది, ఆ తరువాత వేరే పరీక్ష చేస్తారు. మలేరియాకు, టైఫాయిడ్‌కు మందులు వేరు. ఏ జ్వరమో తేలకుండా మందు వేసుకోవడం చీకటిలో రాయి విసరడమే.

వెళ్ళేటప్పుడు ఒక కాగితం తీసుకువెళ్ళండి. జ్వరం మొదలైన తేదీ, పూట, కొలిచిన వేడి, వేసిన మాత్రల పేర్లు, వేళలు, మూత్రానికి వెళ్ళిన వేళలు, పూర్వపు వ్యాధులు. డాక్టరమ్మ నన్ను అడిగిన మూడు ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలో ఉంటుంది. మాత్రల ఖాళీ అట్టలు కూడా వెంట ఉంచుకోండి. వచ్చే ముందు “మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏమి కనిపిస్తే వెంటనే రావాలి” అని అడిగి తెలుసుకోండి.

మన ఇళ్ళలో స్త్రీల జ్వరాన్ని కొలిచేవారు అరుదు. పిల్లలకు జ్వరం వస్తే తల్లి రాత్రంతా మేలుకొంటుంది. ఆమెకే జ్వరం వస్తే మాత్ర మింగి రొట్టెలు చేస్తుంది. భర్త గల్ఫులో ఉన్నాడనో, తోడు వచ్చేవారు లేరనో, మహిళా డాక్టరు రేపు వస్తుందనో రోజులు గడుస్తాయి. మూడవ రోజు జ్వరం దిగితే ఇక వెళ్ళే మాటే ఉండదు. పర్దా మన మర్యాద, వైద్యానికి అడ్డుగోడ కాదు. అవసరమైనప్పుడు పురుష వైద్యుని దగ్గర చికిత్స పొందడానికి ధర్మవేత్తలు అనుమతించారు. పురుషులారా, ఈ కాలంలో మీ భార్యను, మీ తల్లిని రోజుకు ఒకసారి అడగండి: ఒంట్లో ఎలా ఉంది?

శుక్రవారం, నీటి తొట్టి

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన మరునాడు ఆరోగ్య శాఖవారు మా మదరసాకు వచ్చారు. మురికి కాలువ చూపించబోయాను. వారు అటు చూడలేదు. వజూ కోసం నింపి పెట్టిన డ్రమ్ము మూత తీశారు. తేటగా ఉన్న ఆ నీటిలో సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. మేము పరిశుభ్రత కోసం నింపుకున్న నీటిలోనే పిల్లవాడి జ్వరం పెరిగింది.

డెంగీ దోమ మురుగును కాదు, తేట నీటిని వెదుకుతుంది. కూలరు, పూలకుండీ కింది పళ్ళెం, పాత టైరు, కొబ్బరిచిప్ప, ఫ్రిజ్ వెనుక తట్ట, పక్షులకు నీరు పెట్టిన గిన్నె, ఏదైనా దానికి చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. నీరు ఎండినా గుడ్లు పాత్ర అంచుకు అంటుకొని కొన్ని నెలలు బతుకుతాయి, కనుక పారబోయడంతో సరిపెట్టక లోపల పీచుతో రుద్ది కడగాలి. ఈ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా ఉదయం పూట, మళ్ళీ సాయంత్రం చీకటి పడే ముందు. సబక్ వేళ, అసర్ తరువాత ఆట వేళ అన్నమాట. పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయాలి. జ్వరం వచ్చిన మనిషిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి. ఆ మనిషిని కుట్టిన దోమ కొన్ని రోజులకు పక్కవారికి, పొరుగువారికి జ్వరం అంటించగలదు. ఇది పొరుగువారి హక్కు కూడా.

దోమకు, జ్వరానికి గల సంబంధం లోకానికి తెలిసినది మన నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలు హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగినవి. ఒక్కో దోమ కాటుకు ఒక్కో అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ వంటి ఒక సామాన్యుడు చేయి చాచి ఇచ్చిన జ్ఞానం అది. మలేరియా దోమ రాత్రి కుట్టే వేరే జాతి. అయినా రెండింటికీ నీరే పుట్టిల్లు.

డెంగీకి మన దేశంలో తయారైన టీకాపై మూడవ దశ పరీక్షలు 2024 ఆగస్టులో మొదలయ్యాయి. అటువంటి టీకా ఇంటింటికీ చేరే వరకు మన చేతిలో ఉన్న ఉపాయం మూత, పీచు, వారానికి ఒక గంట. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమని చెబుతున్నాయి. జుమా రోజు మనం స్నానం చేస్తాము, ఉతికిన బట్టలు కట్టుకుంటాము. అదే ఉదయం ఇంట్లోని పాత్రలన్నిటికీ కూడా ఒకసారి స్నానం చేయిద్దాము. రాత్రిపూట పాత్రలపై మూతలు పెట్టమని దైవప్రవక్త (స) బోధించారని మన పిల్లలకు చిన్ననాడే నేర్పుతాము. ఆ సున్నత్‌ను మేడమీది ట్యాంకు దాకా తీసుకువెళ్ళవలసిన కాలం ఇది. ఇప్పుడు మా మదరసాలో ప్రతి శుక్రవారం ఫజర్ తరువాత పిల్లలు జట్లుగా ఈ పని చేస్తారు. జ్వరాల పుస్తకం ఒకటి చాచా దగ్గర ఉంటుంది. జ్వరం దిగిన తరువాత రెండు రోజుల వరకు ఆ పిల్లవాడి పేరు అందులో నుంచి కొట్టివేయము.

జ్వరాన్ని దూషించవద్దని, అది పాపాలను కడిగే సాధనమని దైవప్రవక్త (స) ఒక సహాబియాకు బోధించారు. ఈ మాటను మనలో కొందరు వైద్యం చేయించకపోవడానికి సాకుగా వాడుకుంటారు. దూషించకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. సహనం చూపమన్న ఆ ప్రవక్తే చికిత్స చేయించుకోమని కూడా ఆదేశించారు. దుఆ చేసిన చేతులతోనే రోగి చేతులు పట్టుకొని చూడాలి, అవి వెచ్చగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా అని.

మీ ఇంట్లో ఈ వారం ఎవరికైనా జ్వరం దిగి ఉంటే, పత్రిక పక్కన పెట్టి ఒకసారి వారి దగ్గరకు వెళ్ళి రండి. అల్లాహ్ మన ఇళ్ళను, మన అమానతులను కాపాడుగాక! ఆమీన్.